తెర అవతల యోగాభ్యాసం

ఈ రోజు పొద్దున మా ఇంట్లో ఒక చిన్న తమాషా జరిగింది. మా అమ్మాయి నాకోసం ఫోనులో ఒక యోగా పాఠం పెట్టి ఇచ్చింది. డెబ్బై దాటినవాళ్ల కోసం చేసినదట. అందులో ఒక ఆడగొంతు తీరుబడిగా చెబుతూ ఉంటుంది, మనం చేస్తూ పోవాలి. "రెండు చేతులు పైకెత్తండి, ఊపిరి పీల్చండి, అలాగే ఉండండి" అంది ఆ గొంతు. నేను చేతులెత్తాను, ఊపిరి పీల్చాను, అలాగే ఉన్నాను. గొంతు మళ్లీ పలకలేదు. ఊపిరి దొంగతనంగా విడిచి మళ్లీ పీల్చుకున్నాను గాని చేతులు మాత్రం దించలేదు. కాసేపటికి మా అమ్మాయి టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏంది నాన్నా, ఇంటికి పోలీసులొచ్చిన్రా?" అంది. ఫోను చూస్తే ఛార్జింగు అయిపోయి నల్లగా ఉంది. "విడవమనలేదమ్మా, ఎట్ల విడుస్త?" అన్నాను. ఆ మాట అన్నాక గుర్తొచ్చింది. అది నా మాట కాదు. నలభై ఏళ్ల కింద ఇదే ఊళ్లో, ఒక తెర అవతల కూర్చుని మా అత్తమ్మ అన్న మాట.

టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇనుప పెట్టె తెరిచాను. కాలేజీ రోజుల నుంచి డైరీ రాయడం నా అలవాటు. ఏడాదికొకటి చొప్పున అన్నీ వరుసలో ఉంటాయి, కాబట్టి ఎనభైల మొదటి డైరీ తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఖాకీరంగు అట్ట, లోపల కలరా ఉండల వాసన. మధ్య పేజీల్లో ఎర్ర పెన్సిలుతో స్కేలు పెట్టి నేను గీసుకున్న గళ్లు చూసి చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను. ఒక గడిలో వారం, ఒక గడిలో ఆసనం పేరు, ఒక గడిలో "మోకాలి కింద సందు", చివరి గడిలో "చెంబు". మా అమ్మాయి భుజం మీదుగా చూసి "చెంబేంది?" అంది. చెబుతాను కూర్చో అన్నాను. ఆమె పాఠాలు చెప్పే బడికి ఆలస్యమైపోతోంది, సాయంత్రం చెప్పమని వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఆగే ఓపిక లేక ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు నేను జహీరాబాద్‌లో ఒక హైస్కూలులో గుమాస్తాను. బొంబాయి రోడ్డు వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. లారీ పోయినప్పుడల్లా గూట్లో గాజు గ్లాసులు సన్నగా మోగేవి. అల్లం సీజనులో సందు మొదలు నుంచి చివరిదాకా పచ్చి అల్లం ఘాటు నిండిపోయేది, మేము మామూలు టీ తాగినా అల్లం టీ తాగినట్టే ఉండేది. పెళ్లయి తొమ్మిదేళ్లు గడిచాయి. పిల్లలు లేరు. చుట్టాలు అడగడం మానేసిన తరువాత, మేము కూడా ఒకరినొకరు అడగడం మానేసిన తరువాత, మా ఆవిడ నీళ్లోసుకుంది. ఇన్నేళ్లకు నిలిచిన కడుపు కాబట్టి దవాఖానకు దగ్గరగా ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తొలికాన్పు పుట్టింట్లో కావాలన్న పద్ధతి పక్కన పెట్టి, అయిదో నెలలో పుట్టిల్లే మా ఇంటికి వచ్చింది. అంటే మా అత్తమ్మ వచ్చింది, ఝరాసంగం పక్క పల్లె నుంచి, ఒక జొన్నల మూటతో, ఒక నల్ల గొంగడితో.

వాళ్ల ఇళ్లలో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. కోపం వల్ల కాదు, గౌరవం వల్ల. నేను గదిలోకి వస్తే ఆమె లోపలి గదిలోకి వెళ్లేది, వెళ్లే దారి లేకపోతే కొంగు నెత్తిన కప్పుకుని గోడ వైపు తిరిగేది. నాతో చెప్పవలసిన మాటలన్నీ మా ఆవిడతో చెప్పేది, నేను అక్కడే ఉన్నా సరే. "అల్లుడు ఇంకో రొట్టె తింటడేమో అడుగు బిడ్డా" అనేది. నేను "చాలు" అంటే, "చాలంటున్నడమ్మా" అని మా ఆవిడ మళ్లీ చెప్పేది. తొమ్మిదేళ్లలో ఆమె నాతో సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ముఖం నేను సరిగ్గా చూడను కూడా లేదు. నాకు తెలిసిందల్లా ఒక పక్క నుంచి కనపడే ముక్కుపుడక, గలగలమనే గాజులు. మా రెండు గదులకు మధ్య తలుపు లేదు, పాత దుప్పటితో కుట్టిన నీలం రంగు తెర ఉండేది. ఆమె రాగానే ఆ తెర మా ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన సామాను అయిపోయింది.

ఆమెకు అరవై రెండో అరవై మూడో ఉంటాయి. అంతకు ముందటి ఏడాది వానల్లో అల్లం చేను గట్టు మీద జారిపడి మూడు నెలలు మంచం మీద ఉంది. విరగడం ఏమీ విరగలేదు గాని, ఆ తరువాత నేల మీద కూర్చోవడం మానేసింది. మోకాళ్లు చాపితే పూర్తిగా చాపుకోవు, ముడిస్తే పూర్తిగా ముడుచుకోవు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బస్సు దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. మా ఇంట్లో మంచం అంచున, లేకపోతే నేను స్కూలు నుంచి తెచ్చిన ఇనుప కుర్చీలో కూర్చునేది. ఆ కుర్చీ అంటే ఆమెకు పరమ అసహ్యం. "కచ్చేరిల అమీను సాబు కూసున్నట్టు కూసుంటున్న" అని, నిజాం కాలపు పోలీసు అధికారితో తనను పోల్చుకుని కూతురితో అనేది.

ఆమె బాధ మోకాళ్ల గురించి కాదు, బిడ్డ స్నానం గురించి. మన ఇళ్లలో పసిబిడ్డకు నీళ్లు పోసే తీరు తెలిసిందే కదా. పెద్దామె పీట మీద కూర్చుని రెండు కాళ్లు తిన్నగా చాపుతుంది. ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రుద్ది, పిండి రుద్ది, గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. కాళ్లు నేలకు ఆని, రెండు మోకాళ్లు దగ్గరగా, చక్కగా ఉంటేనే బిడ్డ నిలుస్తుంది. వాళ్ల వాడలో మా అత్తమ్మ కాళ్ల మీద స్నానం చేయని పిల్లలు తక్కువ. ముక్కు సరిచేయడం, తల గుండ్రంగా వచ్చేటట్టు ఒత్తడం ఆమెకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదనేవారు. అంతమందికి పోసిన మనిషి తొమ్మిదేళ్లు ఎదురుచూసిన తన కూతురి బిడ్డకు పోయలేకపోతే ఎట్లా? ఒక మధ్యాహ్నం మా ఆవిడ బయటి గదిలోకి వచ్చి కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. తాను నిద్రపోతోందనుకుని అమ్మ గోడ పట్టుకుని ఎట్లాగో నేల మీదికి దిగిందట. కాళ్లు చాపి, వాటి మీద తలగడ పెట్టి చూసుకుందట. మోకాళ్లు గుట్టలా లేచి ఉన్నాయి, తలగడ జారి కింద పడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది. "తలగడే నిల్వకపాయె, బిడ్డేం నిలుస్తది" అని అక్కడే కూర్చుండిపోయిందట. లేవలేక కూతురిని పిలిచిందట.

మర్నాడే దవాఖానకు తీసుకుపోయాము. డాక్టరు మోకాళ్లు ఒత్తి చూశాడు, బరువూ రక్తపోటూ చూశాడు. "అరుగుడు వయసుకు తగ్గట్టే ఉన్నది. అంతకన్న ఎక్కువ, భయానికి బిగుసుకపోయినయి. పడ్డప్పటి నుంచి కదిలిస్తలేదు. రోజు కొంచెం కొంచెం సాగదియ్యాలె. గుంజొద్దు, బలవంతం చెయ్యొద్దు" అన్నాడు. మాత్రలు తక్కువ రాసి మాటలు ఎక్కువ చెప్పిన డాక్టరు కాబట్టి మా అత్తమ్మకు ఆయన మీద నమ్మకం కుదరలేదు. నాకు మాత్రం కుదిరింది. ఎందుకంటే కొంచెం కొంచెం సాగదీయడం ఎట్లాగో తెలిసిన మనిషి మా స్కూల్లోనే ఉన్నాడు.

ఆయన మా డ్రిల్లు సారు. బీదర్ వైపు మనిషి, ఇంట్లో మరాఠీ, బజారులో ఉర్దూ, బడిలో తెలుగు. పొద్దున బడి తెరవకముందు వరండాలో పెద్దమనుషులకు యోగా నేర్పేవాడు. పింఛను పుచ్చుకునేవాళ్లు, ధాన్యం దుకాణం సేటు, ఇంకా ఇద్దరు ముగ్గురు. పైసా తీసుకునేవాడు కాదు. సేటు అయితే చివర్లో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోమనేసరికి గురక పెట్టేవాడు, ఆ గురక విని మిగతావాళ్లకు నవ్వాగేది కాదు. అయినా సారు విసుక్కునేవాడు కాదు. "నిద్ర పట్టుడు కూడా ఫాయిదానే" అనేవాడు. నేను ఆ వరండాకు తాళం తీసే గుమాస్తాను కాబట్టి రోజూ చూసేవాణ్ని, ఎన్నడూ చేసింది లేదు. మా అత్తమ్మ సంగతి చెప్పాను. ఆడవాళ్లు వరండాకు రారు, సారు మా ఇంటికి వచ్చి నేర్పితే ఆమె ఒప్పుకోదు. పైగా చీరతో ఇవన్నీ ఎట్లా చేస్తుందని నా సందేహం.

"ఏం చీరె కడ్తది?" అన్నాడు.

"గోచి చీరె. ఊరి పద్ధతి."

సారు గట్టిగా నవ్వాడు. "ఇగ ఫికరేంది క్లర్క్ సాబ్? మా అవ్వ గూడ గదే కట్టేది. గోచి పోసిన చీరెల గోడ దుంకచ్చు. మీ టెర్లిన్ పంట్లాం తోటి మీరు కింద కూసోలేరు, ఆమె మంచిగ కూసుంటది." నా పంట్లాం కుట్టు అంతకు ముందు వారమే వరండాలో పలక తీయడానికి వంగినప్పుడు పుటుక్కుమన్న సంగతి ఆయనకు తెలుసు. ఏర్పాటు ఇట్లా కుదిరింది. సారు నాకు చెబుతాడు, నేను డైరీలో రాసుకుంటాను, ఇంటికి పోయి చదువుతాను, ఆమె తెర అవతల చేస్తుంది. సారు ఒక్కటే షరతు పెట్టాడు. "మొహం చూడాలె. మొహం నిమ్మళంగ ఉంటే ఆసనం, పండ్లు బిగవడితే గది కసరత్తు. కసరత్తు మనకొద్దు. చూసే మనిషి లేకుంటే ఆ రోజు బంద్." ఆమె ముఖం చూడడం నాకు కుదరని పని. ఆ పని మా ఆవిడకు అప్పగించాను.

మొదటి రోజు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తెరకు ఇవతల స్టూలు మీద నేను, ఒళ్లో డైరీ, గోడ మీద గడియారం. అవతల షాబాదు బండల మీద నాలుగు మడతలు పెట్టిన నల్ల గొంగడి, దాని మీద అత్తమ్మ, మంచం మీద మా ఆవిడ. "కాళ్లు చాపండి. వీపు గోడకు ఆనించండి. తువ్వాలు పాదాలకు చుట్టి రెండు కొసలు పట్టుకోండి. ఊపిరి విడుస్తూ మోకాళ్లను కిందికి వదలండి. అలాగే ఉండండి" అని పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చదివినట్టు చదివాను. అయిదు లెక్కపెట్టి "విడవండి" అన్నాను. అయిందో లేదో తెలియదు. ఆమె నాతో పలకదు. ప్రతిదానికీ మా ఆవిడ "అయిందట", "కాలేదట" అని చెబుతుంటే పురోహితుడికీ యజమానికీ మధ్య దుబాసీని పెట్టినట్టుంది. రెండో రోజుకు ఉపాయం దొరికింది. ఆమె పక్కన ఇత్తడి చెంబు పెట్టుకుంది. అయితే గాజుతో ఒకసారి తట్టాలి, రాకపోతే రెండుసార్లు. డైరీలో "చెంబు" అన్న గడి అట్లా పుట్టింది. మోకాలి కింద సందు కొలిచే పని మా ఆవిడది. మొదటి రోజు రాసింది "పిడికిలి నిండుగా దూరుతుంది" అని.

ఇప్పుడు ఆ పేజీలు ఒక్కొక్కటే తిరగేస్తున్నాను. రెండు వారాలు పిడికిలే. తరువాత ఒక శుక్రవారం "నాలుగు వేళ్లు" అని ఉంది, పక్కన ఎర్ర పెన్సిలుతో నక్షత్రం. ఆ తరువాత "నాలుగు వేళ్లు, కాని వదులుగా లేదు". ఇంకో వారానికి "మూడు". మధ్యలో ఇంకా ఏవేవో రాసుకున్నాను. "అత్తమ్మ రాత్రి ఒక్కసారి కూడా లేవలేదట." "సందు చివరిదాకా నడిచి ఆయాసం లేకుండా వచ్చింది." "మలబద్ధకం తగ్గినట్టు భోగట్టా, మా ఆవిడ ద్వారా." "చేతికర్ర తలుపు వెనకే ఉంది, అడగలేదు." భుజాలు తిప్పడం, మెడ తిప్పడం, ముక్కు ఒక పక్క మూసి ఇంకో పక్క ఊపిరి పీల్చడం కూడా వచ్చాయి. ఊపిరిని గమనించే ధ్యానం మాత్రం సాగలేదు. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించండి, ఆలోచనలు రానివ్వకండి అని నేను చదివితే చెంబు ప్రతిసారీ రెండుసార్లు మోగేది. "కండ్లు మూస్తే గట్టే కనవడుతున్నదట" అని మా ఆవిడ చెప్పేది. జారిపడిన గట్టు. దానికి నా డైరీలో మందు లేదు.

ఇక నేను చేసిన తప్పు. ఏడో నెలలో ఒక రోజు మా ఆవిడ పక్కింటామెను తోడు తీసుకుని దవాఖానకు పోయింది. సారు మాట ప్రకారం ఆ రోజు బంద్ కావాలి. కాని మూడు వారాలుగా నా గళ్లలో ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఒక్క రోజు ఖాళీగా పోతే ఆ పేజీ అందమంతా పోతుందనిపించింది. "రోజూ చేసేవే కదా" అని నాకు నేనే చెప్పుకుని తెర ముందు కూర్చున్నాను. "కాళ్లు చాపండి, తువ్వాలు పట్టుకోండి, అలాగే ఉండండి" అన్నాను. అంతలో బడి ప్యూను పరుగున వచ్చాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు, హాజరు రిజిస్టరు కావాలి, బీరువా తాళాలు నా దగ్గర. డైరీ స్టూలు మీద పెట్టి పరుగెత్తాను. రిజిస్టరు తీశాను, ఇచ్చాను, ఇన్‌స్పెక్టరు రెండు ప్రశ్నలు అడిగాడు, రెండింటికీ జవాబు చెప్పాను. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ తెర చూశాను. తెర కదలడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తమ్మా, విడిచిన్రా?" అన్నాను. చప్పుడు లేదు. చెంబు ఒకసారి మోగలేదు, రెండుసార్లూ మోగలేదు. లోపలికి పోదామంటే పోకూడదు, పిలుద్దామంటే ఇంట్లో ఇంకెవరూ లేరు. నా గొంతు నాకే వినపడనట్టు "విడవండి" అన్నాను. చాలాసేపటికి గాజు చెంబుకు తగిలింది. ఒక్కసారి. గడియారం చూశాను. ఇరవై ఏడు నిమిషాలు.

మా ఆవిడ వచ్చేసరికి ఆమె ఇంకా గొంగడి మీదే ఉంది. కాళ్లు మొద్దుబారిపోయి లేవలేకపోయింది. పక్కింటామె పట్టి లేపింది. ఎడమ మోకాలు వాచింది. "పిలువచ్చు గద, విడువచ్చు గద!" అని మా ఆవిడ అరిచింది. లోపలి నుంచి ఆమె గొంతు చల్లగా వినపడింది. "అల్లుడు విడవమనలే గద బిడ్డా, నేనెట్ల విడుస్త?" నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఆ రోజు గడిలో ఏమీ రాయలేదు. ఖాళీగా ఉండకూడదని అంత చేస్తే చివరకు అదొక్కటే ఖాళీ.

అదే సమయానికి రాయికోడ్ నుంచి మా అక్క దిగింది. మంచి మనిషే, మాట మాత్రం పచ్చి మిరపకాయ. మంచం మీద మోకాలికి వేడి ఇటుక కాపడం పెట్టుకుని ఉన్న అత్తమ్మను చూసి బయటికి వచ్చి నాతో అంది, తెర దాటి వినపడేటట్టే. "ఏం తమ్మీ, పండుముసలిదానికి సర్కసు నేర్పుతున్నవట? రేపు బిడ్డకు నీళ్లు కుర్చీల కూసొని పోస్తదా? నేనొచ్చి పోస్త తియ్యి. ఉన్న కాళ్లు గూడ ఇరగ్గొట్టకు." నాకు బాగా తగిలింది. అంతకన్నా ఎక్కువ ఎవరికి తగిలిందో తెర ఉన్నా తెలుస్తూనే ఉంది.

డ్రిల్లు సారు నన్ను వరండాలో నిలబెట్టి తిట్టాడు. "మీకు గడి ముఖ్యమా, మోకాలు ముఖ్యమా? మీరు ఆమెను చూస్తలేరు, గడియారాన్ని చూస్తున్నరు." వారం రోజులు ఏమీ చేయవద్దన్నాడు. అదంతా విని తలవంచుకుని, మా ఆవిడ నాకు చెప్పిన ఇంకో మాట కూడా చెప్పాను. ఆ ఇరవై ఏడు నిమిషాలు ఏం చేసినవని అడిగితే అత్తమ్మ చెప్పిందట. "మొదట్ల కాళ్లు గుంజినయి, తువ్వాలు వదులు చేసిన. అటెన్క ఊపిరి దిక్కు చూసిన. వస్తున్నది, పోతున్నది, బాయి గిలక తిరిగినట్టు. ఇంట్ల ఎవ్వరు లేరు. గట్టు యాదికే రాలే. పడ్డకాడికెంచి గంత నిమ్మళంగ ఎన్నడు కూసోలే బిడ్డా." సారు వరండాలో కూర్చున్న పెద్దమనుషుల వైపు చూపించి అన్నాడు. "ఆరేండ్ల నుంచి వీండ్లకు నేను నేర్పుతున్న ధ్యానం గిదే సాబ్. ఒక్కరికి రాలే. సేటుకు గురకొచ్చింది, గంతే."

వారం తరువాత తెర ముందు కూర్చోబోతే మా ఆవిడ కబురు తెచ్చింది. "ఇగ మీరు విడవమనుడు వద్దట. చెప్పుడు చెప్పుండ్రి, విడిచుడు అమ్మనే చూసుకుంటదట. నా ఊపిరి నాకు తెలుస్తది అంటున్నది." అప్పటి నుంచి నేను చదివేవాణ్ని, ఆగేవాణ్ని, అవతల ఆమె తన ఇష్టం వచ్చినంతసేపు ఉండేది. ఒక్కోసారి మూడు నిమిషాలకు మోగేది చెంబు, ఒక్కోసారి పదికి. మధ్యలో ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆమె ఊపిరి తీయడం, విడవడం నాకు వినపడేవి, నాకు తెలియకుండానే నేనూ అట్లాగే తీసి విడిచేవాణ్ని. యోగా నేను నేర్చుకున్నది సారు దగ్గర కాదు, ఆ తెర దగ్గర. తొమ్మిదో నెల వచ్చేసరికి డైరీలో "రెండు వేళ్లు", ఆ పైన "ఒక వేలు, అదీ ఇరుకుగా". చివరి నమోదు మా ఆవిడ తానే రాసింది, వంకర అక్షరాలతో: "వేలు దూరుత లేదు. తలగడ నిలిచింది."

ఆపరేషన్ కాన్పు. ఆడపిల్ల. బొడ్డు ఊడిన తరువాత, పదకొండో రోజున మొదటి కాళ్లస్నానం. మా ఆవిడకు కుట్లు పచ్చిగా ఉన్నాయి, వంగకూడదు, మంచం మీదే ఉంది. మా అక్క రాయికోడ్ నుంచి తెల్లవారే వచ్చి చీర ఎగ్గట్టుకుని సిద్ధంగా ఉంది, పోసేది తానే అన్నట్టు. లోపలి గది మూలన నీళ్లు పోయే తూము దగ్గర పీట వేశారు. నేను తెర ఇవతల నా స్టూలు మీద కూర్చున్నాను. డైరీ తీసుకోలేదు. కొంగు దులిపి గోచి సర్దుకున్న చప్పుడు, పీట బండ మీద కొద్దిగా జరిగిన చప్పుడు. కూర్చుందని తెలిసింది. "పెద్దమ్మా, జర ఆగు, పడ్తవు" అని మా అక్క గొంతు. కాళ్ల మీద తువ్వాలు పరిచిన చప్పుడు. తరువాత మా అక్క గొంతే, ఈసారి మెత్తగా, "ఇగో, బిడ్డను పెడ్తున్న. పట్టుకో." ఆముదం వాసన, పిండి వాసన. పాప ఒక్కసారి కెవ్వుమంది, తరువాత అత్తమ్మ ఏదో గొణుగుతూ ముక్కు సర్దుతుంటే ఊరుకుంది. నీళ్లు తూములోకి గలగలమని పోయాయి. నీళ్లు వంచుతున్నది మా అక్క. పోస్తానని వచ్చిన మనిషి "చాల్నా పెద్దమ్మా, ఇంకింత పోద్దునా?" అని అడుగుతోంది.

స్నానం అయింది. సాంబ్రాణికి నిప్పులు తెస్తానని మా అక్క పెరట్లోకి పోయింది. లోపల చిన్న చప్పుడు. చెంబు మోగుతుందని చెవి రిక్కించాను. చెంబు మోగలేదు. తెర అవతల నుంచి తొమ్మిదేళ్లలో నాతో ఎన్నడూ పలకని గొంతు సూటిగా నా మీదికి వచ్చింది. "ఇగో, జర లోపలికి రాండ్రి. బిడ్డను పట్టున్రి. నేను లేవాలె."

స్టూలు తన్నుకుని పడబోయాను. తెర తీశాను. కాళ్లు రెండూ బండకు ఆని, గీత గీసినట్టు ఉన్నాయి. వాటి మీద తువ్వాల్లో నా కూతురు, ఎర్రగా, ఆవిరి కక్కుతూ. ఎత్తుకున్నాను. అప్పుడు ఆమె లేచింది. సారు చెప్పినట్టే ఒక పక్కకు తిరిగి, ఒక మోకాలు మీద ఆగి, తన తొడ మీద తానే చెయ్యి పెట్టుకుని, ఊపిరి విడుస్తూ లేచింది. గోడ పట్టుకోలేదు. ఎవరినీ పట్టుకోలేదు. నిలబడ్డాక కొంగు జారి ఉంది, దాన్ని సర్దుకోవడం మరిచిపోయింది. మొహం చూడాలె అని సారు చెప్పిన మొహం అప్పుడు చూశాను. చెమటా నీళ్లూ కలిసి కారుతున్నాయి, పండ్లు బిగబట్టి లేవు. ముక్కుకు రెండు వైపులా ముడతలు సమంగా పడేటట్టు నవ్వుతోంది. అంతలోనే నేనెవరో గుర్తొచ్చి కొంగు నెత్తిన కప్పుకుని గోడ వైపు తిరిగి, మంచం మీది కూతురితో అంది: "బిడ్డకు సల్లగాలి తగుల్తది, తెర ఎయ్యమను అల్లున్ని."

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా బతికింది. ఆ వాడలో ఇంకా ఎందరికో నీళ్లు పోసింది. నాతో మళ్లీ సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే గొంగడి పరిచిన చప్పుడు వినపడేది, కాసేపటికి చెంబు ఒకసారి మోగేది. అయిందని నాకు తెలిసేది.

ఇంతవరకు రాసి లేచాను. ఫోనుకు ఛార్జింగు పెట్టలేదు. గొంగడి ఎప్పుడో పోయింది, చాప పరిచాను. చెంబు మాత్రం ఉంది, వంటింటి పై అరలో. దాన్ని తెచ్చి పక్కన పెట్టుకుని, కాళ్లు చాపి, వేలు పెట్టి చూసుకున్నాను. మోకాలి కింద మూడు వేళ్లు దూరాయి. ఈ ఏటి డైరీలో ఎర్ర పెన్సిలుతో గడి గీసి "మూడు" అని రాశాను. కళ్లు మూసుకుని ఎంతసేపు కూర్చున్నానో గడియారం చూడలేదు, చాలనిపించినప్పుడు చెంబు మీద ఒక్కసారి తట్టాను. నలభై ఏళ్ల దూరం అంటే ఎంతో అనుకుంటాము గాని, కూర్చుని వింటే అది ఒక పాత దుప్పటి తెరంత పలుచన.